తొంభై ఒకటో తల

డోరన్ ఫోర్క్
8 సెప్టెంబరు 1985, ఆదివారం

తమ్ముడు లీలాండ్‌కి, అక్క వెర్నా దీవెనలు.

నువ్వు ఉత్తరం రాసి మూడు నెలలైంది. ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు. నువ్వంటే లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటావు, మరి లొరేటా ఏమైంది? డెన్వర్‌లో ఫోను మోగితే గోడలు వింటాయా? నా మరదలికి నా మీద కోపం ఉంటే మొహం మీదే చెప్పమను. క్రిస్మస్‌కి పంపిన బీట్‌రూట్ ఊరగాయలో పులుపు ఎక్కువైతే అది కూడా చెప్పమను, పడతాను.

ఇక్కడ జులైలో పడ్డ వడగళ్ళకి మొక్కజొన్న సగం పోయింది. ఇంకో రెండు కుటుంబాలు సామాన్లు ట్రక్కుకెక్కించి ఊరు వదిలాయి. బడి తెరిచిన రోజు తొమ్మిదో తరగతి గదిలో ఖాళీ బల్లలు చూసి ఆఫీసులోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇరవై రెండేళ్ళుగా ఈ బడి ఆఫీసు నడుపుతున్నాను కదా, ఏ బల్ల మీద ఎవరి పేరు చెక్కి ఉందో నాకు తెలుసు. నీ పేరు కూడా ఒకదాని మీద ఉంది, అది ఇప్పుడు ఖాళీ బల్లల్లోనే ఉంది.

మీ బావకి తిండి సయించడం లేదు. పగలంతా పిల్లలకి వడ్రంగం నేర్పుతాడు, సాయంత్రం వాళ్ళనే మైదానంలోకి తోలుకెళ్ళి హెల్మెట్లు పెట్టించి ఫుట్‌బాల్ ఆడిస్తాడు, మధ్యలో వచ్చి నన్ను ఒకే మాట అడుగుతాడు. "వెర్నా, ఇవాళ ఎంత?" "నిన్న ఎంతో అంతే." అదీ మా సంసారం. లెక్కల శుక్రవారం దగ్గరకొస్తోంది మరి. నెలాఖరు శుక్రవారంనాడు బడిలో కూర్చున్న పిల్లలు, ఆడా మగా అందరూ, ఎంతమందో లెక్కపెట్టి నేను రాష్ట్ర క్రీడా సంఘానికి పంపాలి. ఆ అంకెని బట్టి వచ్చే రెండేళ్ళు మన జట్టు ఏ డివిజన్‌లో ఆడాలో వాళ్ళు తేలుస్తారు. తొంభై దాకా ఉంటే ఎనిమిదిమంది ఆట. తొంభై ఒకటి అయితే పెద్ద బడులతో పదకొండుమంది ఆట. ఇవాళ్టికి మేం సరిగ్గా తొంభై. ఒక్క తలలో ఉంది మా బతుకు.

లొరేటాని, నా మేనకోడలు మార్లాని అడిగానని చెప్పు. ఫోను ఎత్తమని కూడా చెప్పు.

నీ మేలు కోరే అక్క,
వెర్నా


డెన్వర్
20 సెప్టెంబరు 1985

వెర్నా అక్కా,

ముందు నీ తిట్లకి జవాబు. లొరేటాకి నీ మీద కోపమేంటి! కర్టెన్లు కుట్టే పని పెట్టుకుంది. మిషను చప్పుడులో ఫోను వినపడదు. ఊరగాయ సీసా ఎప్పుడో ఖాళీ. నిన్ను అడిగానని చెప్పమంది.

నీ ఉత్తరం నేను లారీలో పెట్టుకుని మూడుసార్లు చదివాను. అక్కా, ఒక్క తల తక్కువైనందుకా మీ ఇద్దరూ అన్నం మానేసింది? నాకు చెబితే పోయేదిగా! నేను ఆడిన రోజుల్లో మనది పదకొండుమంది ఆట. మొదటి వరసలో ఎడమ చివర నిలబడి ఎదురొచ్చినవాణ్ణి ఒక్క గుద్దుకి కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు ముక్కు వంకరగా ఉన్నది ఆ రోజుల గుర్తే. ఎనిమిదిమందితో ఆడేదీ ఓ ఫుట్‌బాలేనా? గంప కింద కోళ్ళని కమ్మడం లాంటిది. డ్వైట్ బావ లాంటి మొనగాడు ఆ ఆటతో సర్దుకుంటున్నాడంటే ఇన్నాళ్ళూ నాకే సిగ్గుగా ఉండేది, పైకి అనలేదు.

అందుకని నీకో బహుమతి పంపుతున్నాను. పేరు మార్లా, వయసు పద్నాలుగు, తొమ్మిదో తరగతి. 25వ తేదీ బుధవారం బస్సుకి దిగుతుంది. ఇక్కడి బడి దానికి పడటం లేదు, పెద్ద గుంపులో పిల్ల తప్పిపోతోంది. మీ దగ్గర ఒక ఏడాది ఉంటే దానికీ మంచిది, నీ ఖాళీ బల్లకీ మంచిది. లొరేటా కూడా సంతోషంగా ఒప్పుకుంది.

చిన్నప్పుడు సాయంత్రం బాతుల్ని లెక్కపెట్టి, ఒకటి ఎక్కువొచ్చిందని రెండు మైళ్ళు నడిచి పక్కవాళ్ళది పక్కవాళ్ళకి ఇచ్చొచ్చిన మనిషివి. ఈసారి ఎక్కువొచ్చింది మన సొంత బాతే, హాయిగా లెక్కలో రాసుకో. శుక్రవారం అది బడిలో ఉండేలా చూసే పూచీ నాది.

బావని అన్నం తినమను.

నీ తమ్ముడు,
లీలాండ్


డోరన్ ఫోర్క్
29 సెప్టెంబరు 1985

లీలాండ్,

నీ ఉత్తరం మంగళవారం అందింది. వెంటనే ఫోను చేశాను. మీ ఆవిడ కర్టెన్లు ఇంకా అయినట్టు లేదు. బుధవారం పిల్ల దిగనే దిగింది. చేతిలో ఒక పెట్టె, ఒళ్ళో అట్టపెట్టెలో పూలకుండీ. మన అమ్మ కళ్ళు వచ్చాయి దానికి. చూడగానే కావలించుకున్నాను. ఆ తర్వాత రాసేదంతా ఆ కావలింత గుర్తు పెట్టుకుని చదువు.

నువ్వు తలకిందులుగా చదివావురా నాయనా. మాకు తల తక్కువ కాలేదు. ఎక్కువ కాకూడదని మొక్కుకుంటున్నాం. ఆడే మగపిల్లలు పదిహేడుగురే ఉన్నారు. పెద్ద బడులకి యాభైమంది ఉంటారు. వాళ్ళు అలిసినవాణ్ణి లాగి తాజాగా ఉన్నవాణ్ణి దింపుతారు. మనవాళ్ళలో దెబ్బ తిన్నవాడే మళ్ళీ లేచి నిలబడాలి. ఎనిమిదిమంది ఆటలో బావ మూడేళ్ళుగా జిల్లా గెలుస్తున్నాడు. దాని మైదానం కూడా చిన్నది, గోలుస్తంభాలు ఆయనే బడి షెడ్డులో చేసుకున్నాడు. గంప కింద కోళ్ళు అన్నావు కదా, ఆ కోళ్ళని చూడ్డానికి శుక్రవారం సాయంత్రాలు ఊరంతా దుకాణాలు కట్టేసి వస్తుంది. నువ్వు వెళ్ళాక ఈ ఊరికి మిగిలింది అదొక్కటే.

గురువారం మా సూపరింటెండెంట్ హోల్కంబ్ గారు నన్ను పిలిచి మెల్లిగా అన్నారు, "పిల్లని సోమవారం చేర్చుకో వెర్నా. రెండ్రోజులకి చదువేం కొట్టుకుపోదు." తప్పేం లేదనిపించింది, సరే అన్నాను. శుక్రవారం పొద్దున మార్లాకి కొలాచీ రొట్టెలకి పిండి కలిపి ఇచ్చి, పొంగాక మధ్యలో ప్రూను పళ్ళ ముద్ద పెట్టి కాల్చమని చెప్పి బడికి వెళ్ళాను.

నేను ఎలా లెక్కపెడతానో నీకు తెలుసు. హాజరు పట్టీలు నమ్మను. పది గంటలకి పెన్సిలు తీసుకుని గది గదికీ వెళ్తాను, తలుపు చెక్క మీద ఒక్కో తలకి ఒక్కో దెబ్బ. పాతికేళ్ళ కిందటి సెక్రటరీ అలాగే చేసేది, నేనూ అంతే. టైపు గదిలో మూడో వరసలో మార్లా కూర్చుని ఉంది. నేను చూడలేదేమోనని చెయ్యి కూడా ఎత్తింది. నవ్వుతోంది. నా పెన్సిలు దెబ్బ అప్పటికే చెక్క మీద పడిపోయింది.

"నువ్విక్కడేంటే?" అని బయటికి పిలిచి అడిగాను.

"లెక్క రోజు తప్పకుండా బడిలో ఉండమన్నాడు నాన్న. అది నీకు బహుమతి అట అత్తా. కొలాచీలు పొయ్యి ఆర్పేసే వచ్చాలే!"

తొంభై ఒకటి అని రాశాను. హోల్కంబ్ గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, చెరిపెయ్యమని మాత్రం అనలేదు. మీ బావ అడిగాడు, "కళ్ళారా చూశావా?" చూశానన్నాను. "చూశాక ఇంకేం చేస్తావులే" అన్నాడు. పళ్ళెంలో మూడు ముద్దలు కెలికి లేచిపోయాడు. మార్లా కాల్చిన కొలాచీ మాత్రం తిన్నాడు, దాని మొహం చూసి.

ఒక్క దారి ఉంది. పిల్ల చుట్టపుచూపుగా వచ్చింది, తిరిగి మా ఇంటికే వస్తుంది అని తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసి, అక్టోబరు 15 లోగా తీసుకెళ్తే సంఘంవాళ్ళు ఆ తలని కొట్టేస్తారు. కాగితం ఇందులో పెట్టాను. గీత ఉన్నచోట నువ్వు, కింది గీత మీద లొరేటా. ఇద్దరి సంతకం లేకపోతే చెల్లదట. వచ్చే వేసవికి మార్లాని నేనే పిలిపించుకుంటాను, మూడు నెలలు ఉంచుకుంటాను. ఇప్పుడు మాత్రం తీసుకెళ్ళు తమ్ముడూ, బతిమాలుకుంటున్నాను.

అక్క,
వెర్నా


డెన్వర్
6 అక్టోబరు 1985

అక్కా,

చదివాను. బావకి నా మొహం ఎలా చూపించను?

కాగితం ఉంది. నా గీత మీద నేను పెట్టేశాను. లొరేటా వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని ఊరెళ్ళింది. ఎప్పుడొస్తుందో తెలియదు. రాగానే పెట్టిస్తాను. నాకీ వారం వయోమింగ్ సరుకు, పై వారం యూటా. ఖాళీ చూసుకుని మార్లా కోసం వస్తాను.

ఇంకో మాట అడుగుతాను, తిట్టకు. నువ్వు రాయకపోతే ఎవరికి తెలిసేది? ఒక్క దెబ్బ తలుపుకి తక్కువ కొడితే ఆ తలుపు ఏమైనా సాక్ష్యం చెబుతుందా? ఇంత నిజాయితీ ఎవరడిగారు అక్కా నిన్ను?

మార్లా పూలకుండీకి రోజు విడిచి రోజు నీళ్ళు పొయ్యమను, మర్చిపోతుంది.

లీలాండ్


డోరన్ ఫోర్క్
11 అక్టోబరు 1985

లీలాండ్,

నాలుగు రోజులే ఉన్నాయి. ఇవాళ కూడా పోస్టాఫీసు నుంచి ఒట్టి చేతులతో వచ్చాను.

లొరేటా వాళ్ళమ్మ ఏ ఊళ్ళో ఉంటుందో రాయి, నేనే కారు వేసుకుని వెళ్ళి సంతకం పెట్టించుకుంటాను. మంచం పక్కన కూర్చున్న మనిషికి పెన్ను పట్టుకునే తీరిక లేదా? మార్లాని అడిగితే "అమ్మమ్మకి బానే ఉందే" అంది, అని వెంటనే నాలిక కరుచుకుని గిన్నెలు తోమడానికి పోయింది. నాకంతా అర్థమైందిలే. మీ ఆవిడకి మేమంటే మొదటినుంచీ చులకన. పల్లెటూరి మొద్దులు, వాళ్ళ ఆటేంటి, వాళ్ళ లెక్కేంటి అనుకుంటోంది. పెళ్ళికి వచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ కప్పు తుడుచుకుని తాగిన మనిషి. పదిహేడుమంది పిల్లల ఒళ్ళు ఆవిడ చేతిలో ఉంది, ఒక్క సంతకం పారెయ్యలేకపోతోంది!

నిజాయితీ ఎవరడిగారన్నావు. ఎవరూ అడగలేదు. ఇరవై రెండేళ్ళు ఆ అంకె కింద నా పేరు చూసి సంఘం ఒక్కసారి కూడా మళ్ళీ లెక్కపెట్టలేదు, అందుకే రాయాల్సి వచ్చింది. నువ్వు బాతుల మాట ఎత్తకు ఇంక.

పోనీ నువ్వైనా రా.

వెర్నా


(పోస్టుకార్డు. రాక్ స్ప్రింగ్స్, వయోమింగ్. 17 అక్టోబరు 1985)

అక్కా, గడువు దాటిపోయింది. సంతకం పెట్టించలేకపోయాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, లొరేటాని ఏమీ అనకు. మార్లాని క్రిస్మస్ దాకా ఉంచుకోగలవా? లీ.


డోరన్ ఫోర్క్
10 నవంబరు 1985

లీలాండ్‌కి,

ఉంచుకుంటాను. అది అడగాల్సిన మాట కాదు.

మార్లాకి గణితంలో మంచి మార్కులు వచ్చాయి. చలికోటు పొట్టిదైంది, నాది సరిచేసి ఇచ్చాను. ఈ ఏడాదికి మా జట్టు ఎనిమిదిమంది ఆటే ఆడి మళ్ళీ జిల్లా గెలిచింది. కప్పు ఎత్తుకుని ఎవరూ కేకలు వెయ్యలేదు. వచ్చే ఏడాది నుంచీ పదకొండు. బావ పాత గోలుస్తంభాలు పీకి షెడ్డులో పెట్టాడు, వాటికి ఆకుపచ్చ రంగు కొత్తగా వేశాడు.

బడిలో మార్లాని పేరు పెట్టి పిలవడం లేదు. తొంభై ఒకటి అంటున్నారు. "ఏయ్ తొంభై ఒకటీ, ఆ పుస్తకం ఇటివ్వు." పిల్లలకది వేళాకోళం. ఇది నవ్వుతున్నట్టే కనపడుతుంది. ఎవరు చెప్పారో ఏమో, మొత్తం సంగతి దానికి తెలిసిపోయింది. పోయిన నెల నుంచీ శనివారాలు బడికి వెళ్ళి జట్టు బట్టలన్నీ ఉతికి ఆరేస్తోంది. వద్దంటే "నాకు ఊసుపోదు అత్తా" అంటుంది.

లొరేటా ఎలా ఉంది? అడిగానని చెప్పు. కిందటి ఉత్తరంలో నోరు జారాను.

వెర్నా


డోరన్ ఫోర్క్
21 సెప్టెంబరు 1986

తమ్ముడూ,

వేసవిలో నువ్వు వచ్చి వెళ్ళాక ఇదే మొదటి ఉత్తరం. ఆ రెండు రోజులూ నువ్వూ బావా వాకిట్లో కూర్చుని టైర్ల గురించే మాట్లాడుకున్నారు. టైర్ల గురించి అంత ఉంటుందని నాకు తెలియదు.

ఆట మొదలైంది. బావ మైదానాన్ని పొడుగూ వెడల్పూ పెంచాడు, చుట్టూ సున్నం గీతలు మళ్ళీ లాగాడు. అది పాత కంచెలోకి పట్టక ఒక మూల పొద్దుతిరుగుడు చేలోకి వెళ్ళింది. మొదటి శుక్రవారం ఎదుటి జట్టు రెండు బస్సుల్లో దిగింది. మనది సగం బస్సు. యాభై ఎనిమిది - సున్నా. వాళ్ళ కోచ్ మంచివాడే, ఆఖర్లో కొత్త పిల్లల్ని దింపాడు. ఆ కొత్త పిల్లలు కూడా మనవాళ్ళకంటే తలెత్తు పొడుగున్నారు.

రెండో శుక్రవారం గ్రెగ్ వావ్రాకి కాలు పోయింది. బంతి అందించే కుర్రాడు, పదహారేళ్ళు, ఆ సాయంత్రం ఒక్కసారి కూడా పక్కకి రాకుండా ఆడాడు. రావడానికి పక్కన ఎవరున్నారు? మోకాలు అటు తిరగకూడని వైపు తిరిగింది. నేను టిక్కెట్ల బల్ల దగ్గర ఉన్నాను, ఆ అరుపు అక్కడికి వినపడింది. ఇంక ఆడలేడు. నడుస్తాడు, ఆడలేడు. మర్నాడు పోస్టాఫీసులో వాళ్ళమ్మ ఎదురైంది. స్టాంపులు తీసుకుని, నేను వెళ్ళడానికి దారి ఇచ్చింది. ఏమైనా అని ఉంటే బాగుండేది లీలాండ్. చెంప మీద కొట్టినా బాగుండేది.

బావ ఆ రోజు నుంచీ "వెర్నా, ఎంత?" అని అడగడం లేదు. నేనే చెబుతున్నాను. ఈ వేసవిలో ఇంకో మూడు కుటుంబాలు వెళ్ళిపోయాయి. ఇవాళ్టికి బడిలో ఉన్నది ఎనభై రెండు మందే. హోల్కంబ్ గారు సంఘానికి రాశారు, ఎనభై రెండు అయ్యాం, కింది డివిజన్‌కి పంపండి అని. లెక్క రెండేళ్ళకొకసారే అని జవాబొచ్చింది. పోయిన ఏడాది అంకె మీద నా సంతకం నకలు కూడా జతచేశారు. మా బడిలో ఎనభై రెండు. వాళ్ళ కాగితంలో ఇంకా తొంభై ఒకటి. ఆ తేడా తొమ్మిదిమంది వెళ్ళిపోయిన ఇళ్ళకి తాళాలు వేసి ఉన్నాయి, రోజూ చూస్తూ వెళ్తాను.

నువ్వు వచ్చి ఏమీ చెయ్యలేవు. నేనూ ఏమీ చెయ్యలేను. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని రాశాను.

మార్లా క్షేమం. నువ్వు జాగ్రత్త.

అక్క


డెన్వర్
28 సెప్టెంబరు 1986

అక్కా,

నీ ఉత్తరం తిప్పి తిప్పి చదివాను. లొరేటా ఎలా ఉందని నువ్వు అడగలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. నీకు తెలిసిపోయిందని అప్పుడర్థమైంది.

నా చేత్తో కూడా చెప్పాలి కదా. లొరేటా పోయిన ఏడాది ఆగస్టులోనే వెళ్ళిపోయింది. నేను సరుకు దించి వచ్చేసరికి మిషను ఉంది, మనిషి లేదు. ఫ్రిజ్ మీద చీటీ. అడ్రసు లేదు. మార్లా మూడు రోజులు ఒక్కతే రొట్టెలు తిని నా కోసం కూర్చుంది, ఫోను చేద్దామంటే నేనెక్కడున్నానో దానికేం తెలుసు. వారంలో అయిదు రోజులు రోడ్డు మీద ఉండే మొగాణ్ణి, పద్నాలుగేళ్ళ పిల్లని ఆ ఇంట్లో ఎలా వదిలిపెట్టను? నీ ఉత్తరం అప్పుడే వచ్చింది. ఒక్క తల, ఒక్క తల అని రాశావు. నాకు చదవాలనిపించినట్టు చదువుకున్నాను. బహుమతి అన్నాను, నిజానికి చెయ్యి చాపింది నేను. నీ దగ్గర చెయ్యి చాపడానికి కూడా నాకు పొగరు అడ్డొచ్చింది.

నీ కాగితం వచ్చాక లొరేటా సంతకం నేనే పెడదామని చూశాను. రొట్టెల కాగితం మీద ఇరవైసార్లు దిద్దాను. బాగానే కుదిరింది కూడా. కానీ ఆ తర్వాత పిల్లని ఎక్కడికి తెచ్చుకోను? సంతకం పెడితే మీ పిల్లలు బతుకుతారు, పెట్టకపోతే నా పిల్ల. నేను నా పిల్లని చూసుకున్నాను. గ్రెగ్ వాళ్ళమ్మకి ఈ మాట చెప్పు. వద్దు, చెప్పకు. నేనే ఎప్పుడైనా వచ్చి చెప్తాను.

నువ్వు కాఫీ కప్పు మాట రాసినప్పుడు ఆమె తరఫున నాకు కోపం వచ్చింది అక్కా. వెళ్ళిపోయిన మనిషి తరఫున. చూడు నా బతుకు.

లీలాండ్


డోరన్ ఫోర్క్
5 అక్టోబరు 1986

తమ్ముడూ,

నాకు మార్చిలోనే తెలుసు. ఈస్టర్‌కి నేను లొరేటాకి ఊరగాయ సీసా కడుతుంటే మార్లా చూసి, "అది కట్టకు అత్తా, తీసుకునేవాళ్ళు లేరు" అంది. ఏడవలేదు. సీసా నా చేతిలోంచి తీసి అలమరలో పెట్టింది. నువ్వు చెప్తావని ఆగాను. వేసవిలో వచ్చినప్పుడు చెప్తావనుకున్నాను, టైర్ల గురించి చెప్పి వెళ్ళావు. నిన్ను సిగ్గుపడనివ్వకుండా ఆ తర్వాత కూడా లొరేటా ఎలా ఉందని అడుగుతూ ఉండాల్సింది. కిందటి ఉత్తరంలో గ్రెగ్ ధ్యాసలో మర్చిపోయాను.

నీకు చెప్పుకోడానికి పొగరు అడ్డొచ్చింది, నాకు అడిగే బుద్ధి లేకపోయింది. నీ ఇంట్లో ఫోను ఏడాదంతా మోగితే నేను ఊరగాయ గురించి ఆలోచించాను. నిజం తెలిసినా నేను ఆ అంకె అలాగే రాసేదాన్ని, పిల్లని అలాగే ఉంచుకునేదాన్ని. గ్రెగ్ కాలు అలాగే పోయేది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసినా ఇంకో దారి కనపడటం లేదు, అదే నన్ను తినేస్తోంది.

ఆట ఆగిపోయింది. మొదలుపెట్టాలంటే మైదానంలో పదకొండుమంది నిలబడాలి. నిన్నటికి మన దగ్గర నిలబడగలిగినవాళ్ళు పదిమంది. బావ ఒక్కో బడికీ ఫోను చేసి, మేం రావడం లేదు, గెలుపు మీరే రాసుకోండి అని చెప్పాడు. ఆరు ఫోన్లు. ఆరు సార్లూ ఒకే మాటలు, ఒకే గొంతుతో. అయిదో ఫోనుకి మార్లా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆయన దాని భుజం మీద చెయ్యి వేసి ఆరోది చేశాడు.

పొద్దుతిరుగుడు చేను అడ్డం పడి సున్నం గీతల్ని మూసేసింది.

నీ అక్క,
వెర్నా


డోరన్ ఫోర్క్
14 ఆగస్టు 1988

తమ్ముడు లీలాండ్‌కి,

ఈ ఉత్తరం లారీ ఎక్కకముందే చదువు. లోపల ఒక కాగితం ఉంది, దాన్ని పారెయ్యకు.

పోయిన సెప్టెంబరులో లెక్క డెబ్భై ఆరు అని నీకు రాశాను కదా. ఆ రోజు టైపు గదికే మొదట వెళ్ళాను. మూడో వరసలో మార్లా ఉంది. అందరికంటే ముందు దాన్నే లెక్కపెట్టి, అక్కణ్ణించి మొదలుపెట్టాను. డెబ్భై ఆరుతో ఈ ఏడాది నుంచీ మాకు మళ్ళీ ఎనిమిదిమంది ఆట వచ్చింది. మేం కోరుకున్న డివిజన్, మూడేళ్ళు ఆలస్యంగా. బావ షెడ్డులోంచి ఆకుపచ్చ గోలుస్తంభాలు తీసి పాతాడు. కొలిచి చిన్న మైదానానికి గీతలు లాగాడు. వడ్రంగం గది తలుపు మీద కాగితం అంటించాడు, ఆడదలుచుకున్నవాళ్ళు పేర్లు రాయండి అని.

రెండేళ్ళు జట్టు లేదు కదా. బాగా ఆడేవాళ్ళు పక్క ఊరి బడికి మారిపోయారు. చిన్నవాళ్ళు ఆట చూడకుండానే ఎదిగారు. శుక్రవారానికి ఏడు పేర్లు. బావ రోజుకి నాలుగుసార్లు తలుపు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. నిన్న పొద్దున ఎనిమిదోది కనపడింది. అడుగున, పెన్సిలుతో, మార్లా సెడ్లాక్.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఒక తల తక్కువైంది అత్తా" అంది. "నేను ఉన్నాగా."

"నీ ఒళ్ళు విరిగితే మీ నాన్నకి ఏం చెప్పను?"

"మామయ్య గీతలు లాగుతుంటే చూశావా? ఆయన మొహం చూశావా నువ్వు? నేను వేరేవాళ్ళకి దెబ్బ తగిలించింది చాలు, ఇంక నాకే తగలనీ."

లీలాండ్, ఆ మాట పదిహేడేళ్ళ పిల్ల నోట్లోంచి వచ్చింది. మూడేళ్ళు మా కంచంలో తిని, మా జట్టు బట్టలు ఉతికి, ఈ పిల్ల మోస్తున్నది నాకు కనపడలేదు. నీ తప్పు కాదే, నా తప్పే అని కూర్చోబెట్టి చెప్పాను. విని తలూపింది, వెళ్ళి షెడ్డులో తనకి సరిపోయే హెల్మెట్ వెతుక్కుంది.

బావ ఆ పేరు కొట్టెయ్యలేదు. పెన్నుతో దిద్దనూ లేదు. హోల్కంబ్ గారు సంఘం నిబంధనల పుస్తకం తీసి చూశారు, ఆడపిల్ల ఆడకూడదని ఎక్కడా లేదట. ఎనిమిదిమందితో, పక్కన ఒక్కడు కూడా లేకుండా ఆడితే ఓడిపోతాం, అది నాకూ తెలుసు, బావకీ తెలుసు. గ్రెగ్‌కి అయినట్టు దానికీ అవ్వచ్చు. ఆడనివ్వకపోతే అది జీవితమంతా తొంభై ఒకటిగానే ఉండిపోతుంది. వద్దని చెప్పే మొహం నాకు లేదు, సరే అని చెప్పే ధైర్యమూ లేదు. అది నీ మీద పడేస్తున్నాను, నువ్వు తండ్రివి.

ఆడటానికి అనుమతి కాగితం మీద నేను సంతకం పెడతానంటే చెల్లదట, కన్నవాళ్ళే పెట్టాలట. 22వ తేదీ లోగా. గీత ఒకటే ఉంది చూడు. ఇద్దరూ అక్కర్లేదు, నువ్వొక్కడివి చాలు.

నీ జవాబు కోసం రోజూ పోస్టాఫీసుకి వెళ్ళే
అక్క వెర్నా